ఏడు పక్కన ఎనిమిది

ఆ బీమా కార్యాలయంలో ఎవరి బల్ల ఎక్కడుండాలో, ఎవరి మీద ఫ్యాను తిరగాలో చూసే ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. అడిగినా అడక్కపోయినా అన్నీ సర్దుతాడు కాబట్టి అందరూ ఆయన్ని సర్దుబాటు గారంటారు. ఆయన సర్దాక ఒక్క బల్లకైనా వెలుతురు తగిలిన దాఖలా లేదు. కాని సర్దేటప్పుడు ఆ ముఖంలో కనిపించే వెలుతురు చూసి ఎవరూ వద్దనలేకపోయేవారు.

ఆ రోజు పొద్దున ఆయన భార్య చీర ఇస్త్రీ చేసుకుంటూ ఒక సంగతి తేల్చేసింది. ఆవిడ చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. సాయంత్రం ఆఫీసులోని ఆరు జంటలు కలిసి పాటల నాటకానికి వెళ్తున్నారు. నాటకశాల బడికి ఎదురుగానే ఉండటంతో టికెట్లన్నీ ఆవిడే కొని, జంటకో కవరు చొప్పున పెట్టింది.

"తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా మీరు నా పక్కన కూర్చోవాలి," అంది. "పోయినసారి ఎవరికో కిటికీ రెక్క సర్దడానికి లేచెళ్ళారు. అంతకు ముందు ఓ ముసలాయనకి కుర్చీ మార్పించడానికి వెళ్ళారు. ఖాళీ కుర్చీని పక్కన పెట్టుకుని నేనొక్కదాన్నే ఏడ్చాను, నేనొక్కదాన్నే నవ్వాను. ఈసారి కూడా లేచారంటే ఇక మీతో ఏ ఆటకీ రాను."

"లేవను. కుర్చీకి బంక పూసుకుని కూర్చుంటా, సరేనా?"

ఆవిడ బెదిరించడం అరుదు. బెదిరిస్తే మాత్రం అన్నంత పనీ చేస్తుంది. అందుకని ఆయనకి నిజంగానే భయం వేసింది. ఆమె పక్కన కూర్చుని ఒక ఆట పూర్తిగా చూడాలని ఆయనకీ ఉంది, లేవకుండా ఉండటమే చేతకాదు.

"టికెట్లు జంటలుగా చింపి ఇచ్చారు. అలాగే కవర్లలో పెట్టాను. మీరు కదపకండి," అని ఆవిడ కవర్లు చేతికిచ్చింది.

కదపొద్దన్నదాన్ని కదపకుండా ఉంచితే ఆయన సర్దుబాటెలా అవుతాడు? ఆఫీసు మెట్లెక్కుతూనే తన కవరు విప్పాడు. ఐదు, ఏడు. మధ్యలో ఆరో నంబరు ఎవడిదో? వెతికితే అకౌంటెంటుదని తేలింది. ఆయన కవర్లో ఆరు, ఎనిమిది ఉన్నాయి.

"అంటే నాకూ మా ఆవిడకీ మధ్య మీరు కూర్చుంటారన్నమాట," అన్నాడు సర్దుబాటు.

"నాకూ మా ఆవిడకీ మధ్య మీ ఆవిడా?" అన్నాడు అకౌంటెంటు. ఆయన సర్వీసు మొత్తంలో ఇంత తేడా వచ్చిన లెక్క చూడలేదు.

"మా ఆవిడ పంతులమ్మ కదండీ. పిల్లలు కబుర్లాడకుండా మార్చి మార్చి కూర్చోబెట్టే అలవాటు, మనల్నీ అలాగే కూర్చోబెట్టేసింది. మీ ఎనిమిది నాకివ్వండి, నా ఐదు తీసుకోండి. మీకు ఐదు, ఆరు. నాకు ఏడు, ఎనిమిది. ఎవరి సంసారం వాళ్ళది."

టీ వేళకి ఈ వార్త ఆఫీసంతా పాకింది. కొత్తగా పెళ్ళయిన క్లర్కు తన కవరు విప్పి తెల్లబోయాడు. తొమ్మిది, పదకొండు. పది టైపిస్టు గారి భర్తది. పెళ్ళయి నెల తిరక్కుండానే మధ్యలో ఇంకొకాయనేమిటని అతను దిగులుపడితే, సర్దుబాటు ఆ రెండు కవర్లు కూడా విప్పించి సర్దేశాడు.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు.

"నావి ఒకటి, మూడు. రెండు ఎవరిది?"

"హెడ్ క్లర్కు గారిదండీ."

"నాకూ మా ఆవిడకీ మధ్య హెడ్ క్లర్కు కూర్చుంటాడా?"

ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డ హెడ్ క్లర్కు తన రెండో టికెట్టు నాలుగో నంబరని తలుచుకుని వణికాడు. తనకీ తన భార్యకీ మధ్య మేనేజరు గారి భార్య కూర్చుంటారు. "నేను నిలబడే చూస్తానండీ," అన్నాడు.

"ఎవరూ నిలబడక్కర్లేదండీ. మీకు ఒకటి, రెండు. ఆయనకి మూడు, నాలుగు," అన్నాడు సర్దుబాటు మేనేజరుతో.

"నువ్వే లేకపోతే ఈ ఆఫీసు ఏమైపోయేదయ్యా," అన్నాడు మేనేజరు. ఉద్యోగంలో చేరాక సర్దుబాటు అందుకున్న మొదటి మెప్పు అది. ఇక సాయంత్రం దాకా ఆయన కాలు నేల మీద నిలవలేదు.

నాటకశాల వసారాలో ఆరు జంటల్నీ నిలబెట్టి తను చేసిన ఘనకార్యం మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. ముందున్న నంబరు మగవాళ్ళు ఉంచుకోవడం రివాజు గనక వెనక నంబర్లు భార్యల చేతుల్లోకి వెళ్ళాయి.

"నాకు ఎనిమిదెలా వచ్చింది?" అంది ఆవిడ.

"సర్దాను," అన్నాడు గర్వంగా.

ఆవిడ ఏదో అనబోయేంతలో ఆఖరి గంట మోగింది. అందరూ తలుపు దగ్గరికి పరిగెత్తారు. టికెట్లు చూసే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"బేసి నంబర్లు ఎడమ తలుపు. సరి నంబర్లు కుడి తలుపు."

"మేం భార్యాభర్తలమండీ. ఏడు, ఎనిమిది."

"ఏడు పక్కన తొమ్మిది ఉంటుందండీ. ఎనిమిది పక్కన పది. మధ్యలో నడిచే దారి. మా వాళ్ళు జంటలుగానే చింపి ఇచ్చుంటారే?"

"ఒక్క నిమిషం, మార్చుకుంటాం."

"తెర లేస్తోంది. సినిమా కాదండీ, లోపల బతికున్న మనుషులు ఆడుతున్నారు. కూర్చున్నాక కదలకూడదు. మధ్యలో విరామం కూడా లేదు."

"సరి, బేసి ఒకటో తరగతిలోనే చెప్తాం," అని ఆవిడ కుడి తలుపులోంచి వెళ్ళిపోయింది.

ఎడమ పక్క ఆరుగురు భర్తలు, కుడి పక్క ఆరుగురు భార్యలు కూర్చున్నారు. కొత్త పెళ్ళికొడుకు దారికి అవతల ఉన్న భార్యను ఓడ తప్పిపోయినవాడిలా చూస్తున్నాడు. మేనేజరు తల తిప్పకుండా, "రేపు పొద్దున నా గదికి రా," అన్నాడు. ముందు వరుసలో ఒకాయన తల అడ్డంగా ఉంది. సర్దుదామని సర్దుబాటుకి చేతులు పీకాయి గాని, ఐదుగురు మొగుళ్ళ చూపులకి కుర్చీలోంచి అంగుళం కదల్లేకపోయాడు. పైన ఉద్యోగం, పక్కన సంసారం, రెండూ ఒక్క రోజులో పోగొట్టుకున్నానని కుమిలిపోయాడు.

వేదిక మీద కథ ఒక నావికుడిది. ఏళ్ళ తర్వాత ఇంటికొస్తే భార్య గుర్తుపట్టదు. ఆమె మేడమెట్ల మీద నిలబడి, అతను వెళ్ళేటప్పుడు పాడిన పాటే మళ్ళీ ఎత్తుకుంది. గొంతు ఎక్కడో సన్నగా వణికింది. సర్దుబాటు పక్కకి చూశాడు. వేదిక వెలుతురులో భార్య ముఖం కనిపించింది. పెదవులు పాటతో కదులుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు. ఇన్నేళ్ళలో భార్య నాటకం చూస్తుంటే ఆమె ముఖం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఏమేం పోగొట్టుకున్నాడో తెలిసొచ్చి ఆయనకి ఏడుపొచ్చింది.

పాట ఆగింది. వాయిద్యాలు ఆగాయి. నావికుడు, భార్య ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆ నిశ్శబ్దంలో మేనేజరు గురక మొదలుపెట్టాడు. మామూలుగా అయితే పక్కనుంచి మోచేతి పోటు పడేది. ఇప్పుడు ఆ మోచెయ్యి దారికి అవతల ఉంది. మేనేజరు గారి భార్య కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఇంట్లో అన్నట్టే అనేసింది.

"ఏవండీ, పక్కకి తిరగండి."

మేనేజరు తిరిగాడు. ఆయనతో పాటు వరుసలోని మిగతా ఐదుగురూ తిరిగారు. వాళ్ళ వెనక రెండు వరుసల మగవాళ్ళు కూడా తిరిగారు. వేదిక మీద నావికుడు కూడా ఇంటి దగ్గర ఎవరికో మొగుడే అయ్యుంటాడు, పక్కకి తిరిగి నిలబడ్డాడు.

నాటకశాల నవ్వుతో ఊగిపోయింది. హీరోయిన్ మాత్రం నవ్వలేదు. మెట్లు దిగి వచ్చి, నావికుడి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుని, మిగిలిన చరణం పాడింది. అంత నవ్విన జనమూ చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డారు. సర్దుబాటు ఒక్కడే లేవలేదు.

బయట మేనేజరు గారి భార్య సర్దుబాటుని వెతుక్కుంటూ వచ్చింది. "ఎన్నాళ్ళకో ఒక నాటకం ప్రశాంతంగా చూశానండీ. దూరం నుంచి వింటే ఆ గురక కూడా బాగానే ఉంది."

"నాకూ హాయిగా పట్టింది," అన్నాడు మేనేజరు. "రేపు నా గదికి రా. వచ్చే నెల ఆటకి కూడా నువ్వే సర్దాలి."

కొత్త పెళ్ళికొడుకు ఒక్కడే గొణిగాడు. "మెల్లగా నీకే తెలుస్తుంది," అని అకౌంటెంటు అతని భుజం తట్టాడు.

ఇంటికి నడుస్తూ సర్దుబాటు తల దించుకుని అన్నాడు. "ఇక జన్మలో ఏదీ సర్దను. నీ పక్కన కూర్చుంటానన్న మాట నిలబెట్టుకోలేకపోయాను."

"మధ్యలో లేవలేదుగా."

"ఎలా లేస్తాను? అందరూ నన్నే..."

"ఆటకంటే నన్నే ఎక్కువ చూశారు. నేనూ చూస్తూనే ఉన్నాను," అంది ఆవిడ.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "వచ్చే నెల పక్కపక్కనే కూర్చుందాం. ఐదు, ఏడు. నేను ముట్టుకోను."

"చూద్దాం లెండి," అంది.

మర్నాడు బడి వదిలాక ఆవిడ క్యూలో నిలబడి, వచ్చే నెల ఆటకి ఏడు, ఎనిమిది అడిగి మరీ తీసుకుంది.