రాగి లోడు

ఆ రోజు ఉదయం చంద్రప్పకు రెండే పనులు. కాలుష్య నియంత్రణ అధికారి వచ్చేలోపు యార్డు శుభ్రంగా ఉండాలి. ఆమె వెళ్లేదాకా ఫర్నేస్ ఆగకూడదు. పెనుకొండ నుంచి హిందూపురం వెళ్లే రోడ్డు పక్కన ఉన్న రాగి కర్మాగారంలో అతను యార్డు సూపర్‌వైజరు. కంపెనీ రెండో ఫర్నేస్ కట్టాలనుకుంటోంది. అధికారి మంచిగా రాసి, పక్క ఊరివాళ్లు అడ్డుచెప్పకపోతే అనుమతి వస్తుంది. ఊరివాళ్లు మాత్రం పొగ ఘాటు గురించి, ఇళ్ల మీద పడే దుమ్ము గురించి ఏడాదిగా అర్జీలు పెడుతూనే ఉన్నారు.

కర్మాగారానికి వచ్చే ముడిసరుకును కాన్సంట్రేట్ అంటారు. గనిలో తవ్విన రాయిని పొడి చేసి, పనికిరానిది కడిగేసి, రాగి ఎక్కువగా ఉన్న భాగాన్ని సంచుల్లో నింపి పంపుతారు. అది ఓడలో దేశం చేరి, రైల్లో పెనుకొండకు వస్తుంది. చూడటానికి నల్లటి చెమ్మమట్టిలా ఉంటుంది. అందుకే గోడౌన్‌లో అందరూ దాన్ని ‘కంపెనీ మన్ను’ అనేవారు. చంద్రప్పకు ఆ మాట గిట్టేది కాదు. తను ఇన్నేళ్లు మన్ను మోసి బతికినట్టు ఉంటుందని అతని బాధ. ఎవరన్నా అంటే అక్కడికక్కడే దిద్దేవాడు. "మన్ను కాదప్పా. రాగి అను."

రోజూ వచ్చే డ్రైవరు ఆవేళ అమరాపురంలో పెళ్లికి పోయాడు. బదులుగా బుక్కపట్నం నుంచి ముబారక్ అనే కొత్త డ్రైవరు వచ్చాడు. చంద్రప్ప అతనికి ఫోన్ చేశాడు.

"ముబారక్, పెనుకొండ గోడౌన్‌లో రాగి సంచులుండాయి. బిరీన ఎత్తుకొని రా. ఈడ తొట్టి ఖాళీ అయితాండాది."

"ఎంత రాగి అన్నా?"

"లారీకి పట్టినంత."

ఆ గోడౌన్‌లో సగం కంపెనీది. మిగతా సగంలో కర్మాగారం పక్క ఊరి ఆడవాళ్ల సంఘం తమ రాగులు నిల్వ చేసుకుంది. కాపలా ఉండే అమీర్‌సాబ్‌ను ముబారక్ అడిగాడు, "రాగి యాడుండాది సాబ్? చంద్రప్పన్న పంపినాడు." అమీర్‌సాబ్ కుడిపక్కకు చెయ్యి చూపించాడు. మన్ను అని అడిగి ఉంటే ఎడమపక్కకు చూపించేవాడు. కంపెనీకి రాగులెందుకని ఆయనకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. క్యాంటీన్‌లో సంగటికని సంఘం దగ్గర కొన్నారేమో, పెద్ద కంపెనీ గదా, అనుకొని ఊరుకున్నాడు.

లారీ కర్మాగారం చేరేసరికి చంద్రప్ప మీటింగు గదిలో ఉన్నాడు. అధికారికి చూపించడానికి గాజు సీసాలు వరుసగా పెడుతున్నాడు. ఒకదాంట్లో కాన్సంట్రేట్, ఒకదాంట్లో నల్లగాజులా మెరిసే స్లాగ్, ఇంకొకదాంట్లో ఆసిడ్. తొట్టి దగ్గర పనిచేసే గిరి ఫోన్ చేశాడు.

"అన్నా, రాగి వచ్చింది. ఈ తూరి ఎర్రగా ఉండాది."

"ఒక్కో దేశం సరుకు ఒక్కో రంగుంటాది. తొట్టిలో వెయ్యి."

"సన్న గింజల మాదిరి ఉండాదన్నా."

"సన్నగా ఉంటే మంచిదే గదా. జల్లెడ దగ్గర ఆగదు. ఊరికే అడగొద్దు, వెయ్యి."

గిరి సంచులు విప్పి తొట్టిలో పోయించాడు.

తొట్టిలో వేసిన సరుకు బెల్టు మీద డ్రయ్యర్‌కు పోతుంది. అదొక పెద్ద తిరిగే గొట్టం. వేడిగాలి తగిలి సరుకులో తేమ అందులో ఆరిపోతుంది. తరువాత ఇసుక కలిపి ఫర్నేస్‌లోకి వదులుతారు. సరుకులోని గంధకం తనే మండి వేడి పుట్టిస్తుంది. ఇనుము ఇసుకతో కలిసి స్లాగ్ అయి పైకి తేలుతుంది, రాగి అడుగుకు దిగుతుంది. గంధకపు పొగను గొట్టాల్లో పక్క ప్లాంటుకు పంపి ఆసిడ్ చేస్తారు. దాన్ని ఎరువుల కంపెనీలు కొనుక్కుంటాయి. అక్కడ చిక్కకుండా తప్పించుకున్న పొగే చిమ్నీలోంచి ఊరిమీదికి పోతుంది.

ఆ రోజు డ్రయ్యర్ తన పని తాను చేసింది. లారీడు రాగులను దోరగా వేయించింది.

గేటు దగ్గర మొదటి మార్పు కనిపించింది. ఆడవాళ్ల సంఘం పెద్ద గంగాదేవి తనవాళ్లను వెంటబెట్టుకొని, అధికారికి అర్జీ ఇవ్వడానికి వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని రావడం వాళ్లకు అలవాటు. సగం దారిలో ఆమె కొంగు తీసేసింది.

"ఏం వాసనే ఇది? మా అవ్వ పెంకులో రాగులు వేయించినట్టుండాది."

మేనేజరు రామచంద్ర ఎదురెళ్లాడు. ఆ వాసన ఎక్కడిదో ఆయనకూ తెలియదు. కాని వచ్చిన మంచిపేరును కాదనే మనిషి కాదు. "కొత్త పద్ధతి పెట్టినామమ్మా. మీ ఊరి కోసమే."

"దినామూ ఇట్లే ఉంటాదా?"

"ఇట్లే ఉంటుంది."

"ఉంటే మాకేం ఇబ్బందప్పా," అని ఆమె అర్జీని మడిచి చంకసంచిలో పెట్టుకుంది.

అధికారి వీణ ధర్మవరంలో రైలు దిగి కారులో వచ్చింది. తక్కువగా మాట్లాడే మనిషి. వచ్చీరాగానే చిమ్నీ మీటరు ముందు నిలబడి చాలాసేపు చూసింది. గంధకపు పొగ సున్నా అని చూపిస్తోంది.

"సున్నా ఎలా వచ్చింది?"

"మా కొత్త పద్ధతి మేడమ్," అన్నాడు రామచంద్ర.

"ఎంత మంచి కర్మాగారమైనా కొంచెం పొగ వస్తుంది. సున్నా వచ్చిందంటే మీటరు వైరు పీకేశారని అర్థం. అది నిజమైతే ఈ రోజే సీలు వేస్తాను. ఇంతకీ ఆ పద్ధతి పేరేమిటి?"

రామచంద్ర పక్కనే ఉన్న చంద్రప్ప వైపు చూశాడు. అదే సమయానికి ఆసిడ్ ప్లాంటు నుంచి ఫోన్ వచ్చింది. పొగ రావడం లేదు, ప్లాంటు ఆగిపోయింది అని. వెంటనే ఫర్నేస్ నుంచి ఇంకొకటి. వేడి పడిపోతోంది అని. చంద్రప్ప డ్రయ్యర్ దగ్గరికి పరుగెత్తాడు.

తలుపు తీసి, చల్లారిన అంచు నుంచి దోసిట్లోకి తీసుకున్నాడు. ఆ గింజలు అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. నోరు మూసుకుంటే ఊరివాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు, కాని వైరు పీకిన దొంగల కింద కర్మాగారానికి సీలు పడుతుంది. చెబితే తన ఉద్యోగం పోతుంది. కొంతసేపటికి లేచి, ఆ దోసెడూ అలాగే మీటింగు గదికి తీసుకువెళ్లి సీసాల పక్కన పోశాడు. వీణ, రామచంద్ర, గంగాదేవి వాళ్లూ అప్పటికే అక్కడికి చేరి ఉన్నారు.

"మీటరు బాగానే ఉండాది మేడమ్. ఈ పొద్దు మేం రాగి కాల్చలేదు. రాగులు కాల్చినాం."

గంగాదేవి ముందుకు వచ్చి గింజలను వేళ్లతో కెలికింది.

"ఇవి యాడివప్పా?"

ముబారక్‌ను పిలిచి అడిగారు. "పెనుకొండ గోడౌన్‌లో, కుడిపక్క," అన్నాడు అతను.

"అవి మా సంఘం రాగులు," అంది గంగాదేవి. "హాస్టలు పిల్లోళ్ల మాల్టు పిండికని దాచి పెట్టుకొన్నవి."

రామచంద్ర వెంటనే తేరుకున్నాడు. "మీకేం నష్టం లేదమ్మా. మాల్టుకు ఎట్లాగూ వేయించాల్సిందే గదా. సంచుల్లో నింపి మీ ఇంటికే పంపిస్తాం. పిండి పట్టించుకోవడమే."

గంగాదేవి ఆలోచనలో పడింది. "వేగడం బాగనే వేగినాయి," అంటూ నాలుగు గింజలు తీసి నోటి దగ్గరికి తీసుకుపోయింది.

చంద్రప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దక్కా. నిన్నటిదాకా ఆ డ్రయ్యర్‌లో కాన్సంట్రేట్ ఆరింది. దాని దుమ్ములో సీసముంటాది, ఆర్సెనిక్ ఉంటాది. ఒక్క గింజ కూడా నోట్లో పెట్టుకోవద్దు. గొడ్లకు కూడా వెయ్యగూడదు."

గంగాదేవి గింజలు కింద పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తరువాత తుడిచిన కొంగును చూసుకుంది.

"ఆ దుమ్మే గదప్పా, దినామూ మా ఇండ్ల మీద పడేది?"

చంద్రప్ప వంగి, కింద పడిన గింజలు ఏరసాగాడు.

"రాగులకు అంటితే తినగూడదంటివి. మేం మిద్దె మీద వడియాలు పెడతాండాం. పిల్లోళ్లు ఆ వాకిట్లోనే ఆడుకొంటాండారు. ఇన్ని దినాలు వాసన ఒకటే అనుకొంటిమి. దుమ్ము గురించి అడిగితే అదేం చెయ్యదు, తుడుచుకొంటే పోతాదంటిరి మీరు."

ఆమె గొంతు పెంచలేదు. మడిచిన అర్జీని సంచిలోంచి తీసి, విప్పి, వీణ ముందు పెట్టింది. వీణ దాన్ని చదివి చంద్రప్ప వైపు తిరిగింది.

"ఈ దుమ్ము ఎక్కడి నుంచి బయటికి వస్తోందో చూపించగలరా?"

చంద్రప్ప మేనేజరు ముఖం చూడకుండా ముందు నడిచాడు. కప్పు లేని బెల్టు చూపించాడు. డ్రయ్యర్ మీద చినిగిపోయి, కొత్తవి తెమ్మని తను చాలాసార్లు అడిగిన దుమ్ముసంచులు చూపించాడు. గాలికి ఎగిరే సరుకు కుప్పలు చూపించాడు. వెనక రామచంద్ర దగ్గుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. మీటరు సక్రమంగా ఉందని అందులో మొదటి మాట. రెండో ఫర్నేస్ సంగతి అటుంచి, బెల్టుకు కప్పు వేసి, దుమ్ముసంచులు మార్చి, సరుకు కుప్పలకు షెడ్డు కట్టేదాకా మొదటి ఫర్నేస్ కూడా నడపకూడదని రెండో మాట. ఆ పనులన్నీ చంద్రప్ప చూసుకోవాలని పేరుతో సహా రాసి ఉంది. అందువల్ల మరునాడు అతన్ని తీసేయాలని నిశ్చయించుకున్న రామచంద్రకు ఆ వీలు లేకుండా పోయింది.

కంపెనీ సంఘానికి కొత్త రాగులు రొద్దం నుంచి తెప్పించి ఇచ్చింది. గంగాదేవి ప్రతి సంచీ విప్పి చూసి దించుకుంది. వేగిన రాగులు మాత్రం పెద్ద చిక్కు అయి కూర్చున్నాయి. తినకూడదు, మేతకు వెయ్యకూడదు, నేలలో పూడ్చకూడదు. చివరికి వీణే దారి చెప్పింది. పనులు పూర్తయి ఫర్నేస్ మళ్లీ వెలిగాక, కాన్సంట్రేట్‌తో పాటు కొంచెం కొంచెంగా కలిపి కాల్చేయమంది.

చంద్రప్ప అలాగే చేయించాడు. ఆ వారమంతా ఊరి మీద దుమ్ము పడలేదు గాని, పొద్దునా సాయంత్రమూ వేయించిన రాగుల వాసన వచ్చింది. గంగాదేవి అర్జీ వెనక్కి తీసుకోలేదు. ఊళ్లో ఇంటింటా మాత్రం సంగటి ఒక ముద్ద ఎక్కువ కెలికారు.