మూడూళ్ల మిషన్‌కు బంతిపూల దండ

ఆ మంగళవారం పది గంటలకల్లా మురుగు తోడే మిషన్‌ను బస్టాండు దగ్గరి కాలవ పక్కన ముస్తాబు చేసి నిలబెట్టాలని బందరులో పారిశుద్ధ్యం పనులు చూసే సలాం పొద్దున్నే అనుకున్నాడు. బందరు, గుడివాడ, ఉయ్యూరు కలిసి పెట్టుకున్న ఉమ్మడి సంఘానికి ఉన్నది ఆ ఒక్క మిషనే. ఊరికి రెండేసి రోజుల వంతు. తనిఖీకి వచ్చే హిమబిందు మేడమ్ మెచ్చితే రెండోది మంజూరవుతుంది. అది బందరుకే దక్కాలని సలాం పట్టుదల. సొంత ఊరంటే అతనికి తగని గర్వం మరి.

బారెడు బంతిపూల దండలు కొనుక్కొచ్చి మిషన్‌కు చుట్టించాడు. డ్రైవర్ వెంకటరమణ ఊరుకోలేక పసుపు కుంకుమ పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. సలాం ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

గుడివాడలో అవే పనులు చూసే లీలావతి ఆ ఫొటో చూసి టీ గ్లాసు పక్కన పెట్టి అతనికి ఫోన్ చేసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది సొంతానికి కొన్న బండికే కదా.

"సలాం గారూ, రేపటి నుంచి మా వంతండీ. బండికి పూజెందుకు చేశారు?"

"చూడ్డానికి బాగుంటుందనండీ."

"నేనే వచ్చి చూస్తాను లెండి."

పదిహేనుమందిని వ్యాను ఎక్కించి, ఉయ్యూరు కాంతారావుకూ ఫోన్ చేసింది. ఆయన పన్నెండుమందితో బయల్దేరాడు. పని మీద ఉన్నవాళ్లు కనక అందరి చేతుల్లో పారలున్నాయి. ఆ పారలు చూసి, కొట్లాటకే వచ్చారనుకుని సలాం తన మనుషుల్నీ పిలిపించాడు.

సరిగ్గా అప్పుడే హిమబిందు జీపు దిగింది. "నాకు దివిసీమలో ఇంకో మీటింగుంది. తొందరగా నడిపి చూపించండి."

వెంకటరమణ మీట నొక్కాడు. మిషన్ ముందు దండను మింగింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత అంతవరకూ తోడిన మురుగంతా రోడ్డు మీదకు కక్కింది. మురుగు ఎదుటి పళ్లకొట్ల వైపు పారుతోంది.

"చూస్తారేంటయ్యా, అడ్డం కట్టండి" అంటూ లీలావతి చీర కుచ్చిళ్లు దోపుకుని ముందు దిగింది. ఆమె వెనకే మూడూళ్ల పారలూ దిగాయి. ఎవరి ఊరి కాలవని ఎవరూ అడగలేదు. అరగంటలో రోడ్డూ శుభ్రమైంది, ఏళ్లనాటి పూడికతో సహా కాలవా శుభ్రమైంది. సలాంకు సిగ్గేసింది, అంతకు రెట్టింపు గర్వం ముంచుకొచ్చింది.

"వీళ్లంతా ఏ ఊరివాళ్లు?" అని హిమబిందు అడిగింది.

"మూడూళ్లవాళ్లండీ. అందరూ మావాళ్లే" అన్నాడు సలాం.

ఆమె మనసారా మెచ్చుకుని అక్కడికక్కడే ఫైల్లో రాసింది: "ఇంత ఐకమత్యం ఎక్కడా చూడలేదు. వీరికి యంత్రం అవసరమే లేదు. ఉన్నదాన్ని వేరే జిల్లాకు పంపవచ్చు."

మిషన్ వెళ్లేరోజు మూడూళ్లవాళ్లూ కలిసి వచ్చి సాగనంపారు. దండ మాత్రం ఎవరూ వేయలేదు.