నాన్న బాగుచేసిన కారు

బడి సెలవుల్లో ఒక బుధవారం పొద్దున టామ్సిన్ పెట్టుకున్న పనులు పెద్దవేం కావు. నానమ్మని జెట్టీ దగ్గర ఈతకి తీసుకెళ్ళి ఇంట్లో దింపడం, కారుని నాన్న పనిచేసే హార్డ్‌వేర్ షాపు ముందు వదిలి ఎదురుగా ఉన్న బేకరీలో మధ్యాహ్నం దాకా పని చేసుకోవడం, ఆ తర్వాత అదే కారులో సముద్రం ఒడ్డుకి పోవడం. పదిహేడేళ్ళ పిల్లకి సొంత కారంటూ ఉన్నాక ఇంతకంటే ఏం కావాలి?

మేనత్త వాడి వాడి విసుగెత్తి ఇచ్చేసిన పాత క్రీమ్ రంగు కారు అది. డ్రైవరు వైపు అద్దం దిగదు. తలుపు తీస్తే దూడ తల్లి కోసం అరిచినట్టు అరుస్తుంది. సీటులోంచి ఒక స్ప్రింగు పైకి పొడుచుకొచ్చి, కూర్చున్నవాళ్ళని ఊరంతా తిరిగేదాకా గిల్లుతూనే ఉంటుంది. ఇవన్నీ తనే బాగుచేస్తానని నాన్న డారిల్ కారు ఇంటికొచ్చిన రోజే మాటిచ్చాడు.

"ఇవాళ భోజనాల వేళకి చూస్తాలేవే," అన్నాడు టోస్టు కొరుకుతూ.

"చూడ్డం రోజూ చూస్తూనే ఉన్నావుగా," అంది తల్లి రొనా. "చెయ్యి పెట్టేదెప్పుడో చెప్పు."

"ఇవాళే అంటున్నాను కదా! తాళం కారులోనే ఉంచమను."

తాళం కారులోనే వదలడం ఆ ఊరందరికీ అలవాటే. దొంగిలించి తీసుకుపోతే ఎక్కడికి పోతారు? ఒక పక్క సముద్రం, మిగతా అన్ని పక్కలా గోధుమ పొలాలు.

మధ్యాహ్నం బేకరీ నుంచి బయటికొచ్చిన టామ్సిన్, షాపు ముందు ఒంటరిగా నిలబడి ఉన్న క్రీమ్ రంగు కారు తలుపు తీసింది. తలుపు అరవలేదు. మూసి మళ్ళీ తీసింది. అయినా అరవలేదు. సీటు మీద మెత్తటి గొర్రెతోలు పరిచి ఉంది. తాళంచెవికి ఉన్న పాత బూటుతాడు పోయి ఇత్తడి సీసామూత తీసే పరికరం వేలాడుతోంది. పిప్పరమెంటు వాసన వస్తోంది. అద్దం తిప్పితే వెన్నలా కిందికి జారింది. టామ్సిన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పరుగున షాపులోకి వెళ్ళి, ఎవరో రైతుకి మేకులు తూస్తున్న తండ్రిని అందరి ముందూ వాటేసుకుంది.

"నాన్నా! నువ్వింత చేస్తావని నేననుకోలేదు!"

డారిల్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కారు సంగతి పూర్తిగా మర్చిపోయి, వెనక గోదాములో సాండ్‌విచ్ తిని కునుకు తీసి వచ్చిన మనిషి. కూతురు కనిపించగానే గుర్తొచ్చి తిట్లకి సిద్ధపడ్డాడు. తిట్లు పడాల్సిన చోట కౌగిలింత పడింది. కూతురు అలా దగ్గరికొచ్చి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

"అబ్బే... అదెంతలే," అన్నాడు.

"అద్దం ఎంత హాయిగా దిగుతోందో! మరి ఆ గొర్రెతోలు ఎప్పుడు కొన్నావు?"

"గొర్రెతోలా?"

"ఇంక నటించకు!"

"ఆఁ... అదా. ఉందిలే ఒకటి."

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా 'పి' పలకలేవి?"

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు కారుకి ముందూ వెనకా తగిలించుకు తిరగాల్సిన పలకలవి. తెల్ల పలక మీద ఎర్రగా 'పి' అని ఉంటుంది. అవి లేకుండా బండి తీస్తే పోలీసాయన ఊరుకోడు.

"తుడిచేటప్పుడు ఎక్కడో పెట్టుంటాను," అని డారిల్ షాపులోంచి కొత్తవి తీసి తనే బిగించాడు. బిగిస్తూ కారు చుట్టూ ఒకసారి తిరిగి లోపలికి తొంగిచూశాడు. గొర్రెతోలు నిజంగానే ఉంది. సొంత కారు నంబరు ప్లేటు చదివే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు కనుక, ఆయనకి తోచిన కారణం ఒక్కటే. తనని సిగ్గుపరచడానికి రొనా వాళ్ళ తమ్ముడి చేత ఈ పని చేయించి ఉంటుంది.

ఆ సంగతి సాయంత్రం తేల్చుకుందామనుకున్నాడు. కానీ ఇంటికెళ్ళేసరికి రొనా గొర్రెమాంసం రోస్టు చేసి, ఆయన ముందు పెద్ద ముక్క పెట్టి, "పోనీలే, నేనే నిన్ను తక్కువ అంచనా వేశాను," అంది. అడిగితే ఆ ముక్క వెనక్కి పోతుందేమోనని డారిల్ నోరు మెదపకుండా తిన్నాడు.

"ఒరే డారిల్, వెనక సీట్లో ఆరేసిన నా ఈతబట్టలేవిరా?" అని అడిగింది నానమ్మ డల్సీ.

అవి మామూలు ఈతబట్టలు కావు. ఒక్కొక్కటి చేటంత ఉన్న మందారపువ్వుల బట్టలు. డల్సీ రోజూ పొద్దున జెట్టీ దగ్గర నీళ్ళలోకి దిగుతుంది కనుక, ఆ పువ్వుల్ని ఎరగనివాళ్ళు ఊళ్ళో లేరు.

"ఎక్కడో పెట్టానమ్మా," అన్నాడు డారిల్. ఆ పూట ఆయన తన జన్మలో ముట్టుకోని ఈతబట్టల కోసం షెడ్డంతా వెతికాడు.

శుక్రవారం, ముసలివాళ్ళంతా పచ్చిక మీద బంతులు దొర్లిస్తూ ఆడుకునే బౌలింగు క్లబ్బు నుంచి నానమ్మని తీసుకురావడానికి వెళ్ళిన టామ్సిన్‌కి గుమ్మంలోనే వింత దృశ్యం కనబడింది. ముగ్గురు ముసలమ్మలు డల్సీని పట్టుకుని వదలడం లేదు.

"ధైర్యంగా ఉండాలి డల్సీ."

"దేనికే?"

"మాకు తెలుసులే. నువ్వేం చెప్పక్కర్లేదు. ఉన్నన్నాళ్ళూ సంతోషంగా గడపండి, అంతే."

డల్సీ కారెక్కి బెల్టు పెట్టుకుంది. ఇంటి దారి పట్టాక మెల్లగా అడిగింది. "ఏమే అమ్మడూ, నేను పోతున్నానా?"

"ఎక్కడికి?"

"పైకి! డాక్టరు మీ నాన్నతో ఏమైనా అన్నాడా? నాకు చెప్పకుండా దాస్తున్నారా అందరూ?"

టామ్సిన్ కాలు బ్రేకు మీద పడింది. ఒక్కసారిగా అంతా అర్థమైనట్టే అనిపించింది. ఇన్నాళ్ళూ చెయ్యి పెట్టని నాన్న ఉన్నట్టుండి కారెందుకు బాగుచేశాడు? గొర్రెతోలు ఎందుకు పరిచాడు? నానమ్మ ఆఖరి రోజుల్లో హాయిగా తిరగాలని! ఇంటికి చేరగానే తండ్రిని షెడ్డులోకి లాక్కెళ్ళింది.

"నానమ్మ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఏ సంగతి?"

"ఇంక దాచకు నాన్నా. ఊరంతటికీ తెలిసిపోయింది. క్లబ్బులో అందరూ ఏడుస్తున్నారు."

డారిల్ ఆమె ముఖంలోకి చూశాడు. తల్లికేదో అయింది, ఆ సంగతి ఊరంతటికీ తెలిసింది, తనకొక్కడికే చెప్పలేదు. ఆయన అక్కడే పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు. తండ్రి ఏడవడం చూసి టామ్సిన్‌కి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

మర్నాటి నుంచి, కష్టమొచ్చిన ఇంటికి వండి తెచ్చే ఆ ఊరి పద్ధతిలో, గిన్నెలు రావడం మొదలైంది. ట్యూనా చేప వేసిన మాకరోనీ, మాంసం పులుసు, మళ్ళీ ట్యూనా మాకరోనీ. తెచ్చినవాళ్ళెవరూ కూర్చోలేదు. డల్సీ చెయ్యి నొక్కి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు. రొనా డారిల్‌ని అడిగింది, డారిల్ రొనాని అడిగాడు. ఇద్దరూ ఎదుటివాళ్ళు దాస్తున్నారనే అనుకున్నారు. నానమ్మ మాత్రం పోయేదాన్ని నాకింక పథ్యమెందుకని రెండోసారి మాకరోనీ వడ్డించుకుంది.

మధ్యాహ్నానికి ఇంకో గిన్నెతో గ్లెనిస్ వచ్చింది. ఊరవతల పొలంలో ఒంటరిగా ఉండే క్లారీ ముసలాయన కూతురు. ఈ వారం ఆయన దగ్గరికి వచ్చి ఉంది, ఆయన్ని తనతో అడిలైడ్ నగరానికి తీసుకుపోవాలని ఎన్నాళ్ళుగానో ప్రయత్నిస్తోంది. గుమ్మంలోనే డల్సీని పట్టుకుని బావురుమంది.

"డల్సీ పిన్నీ! మా నాన్నకి మీరింత దగ్గరని నాకు తెలియనే తెలియదు!"

"దగ్గరేంటమ్మా? బౌల్స్‌లో ఆయనది అవతలి జట్టు."

"ఇంకా దాచడమెందుకు? బుధవారం డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చినప్పటి నుంచీ నాన్న మాటే లేదు. కారు నత్తలా నడుపుతున్నాడు. క్లబ్బులో బీరు ఇస్తే వద్దని లెమనేడ్ తాగాడట! మా నాన్న! ఇంక ఎన్నాళ్ళో ఉండడని అప్పుడే అందరికీ అర్థమైపోయింది." ముక్కు చీదుకుని గొంతు తగ్గించింది. "పైగా ఆయన కారు వెనక సీట్లో... మీ ఈతబట్టలు."

అందరూ డల్సీ వైపు తిరిగారు.

"అమ్మా!" అన్నాడు డారిల్.

"నోర్ముయ్యరా. నేను పోవట్లేదు, అది తేలింది చాలు," అంది డల్సీ లేస్తూ. "అమ్మడూ, కారు తియ్యి. ఆ ముసలాడి దగ్గర నా బట్టలెందుకున్నాయో కనుక్కుందాం."

గ్లెనిస్ వాళ్ళని తన కారులో వెంబడించింది. క్లారీ ఇంటి ముందు టామ్సిన్ బండి ఆపింది. ఎదురుగా చెట్టు నీడలో అదే క్రీమ్ రంగు కారు, అదే ముక్కు, ముందు అదే ఎర్ర 'పి'. అద్దంలో చూసుకుంటున్నట్టు అనిపించి టామ్సిన్ చెయ్యెత్తింది. ఎదుటి కారులో ఎవరూ చెయ్యెత్తలేదు. వెనక సీట్లో మాత్రం మందారాలు ఎండకి మెరుస్తున్నాయి.

క్లారీ చేతిలో నూనె డబ్బాతో ఇంటి వెనకనుంచి వచ్చాడు. డల్సీని చూశాడు, కూతుర్ని చూశాడు, రెండు కార్లనూ చూశాడు. డబ్బా కింద పెట్టి తల వంచుకున్నాడు.

"సరే, తెలిసిపోయిందన్నమాట," అన్నాడు. "డాక్టరు నన్ను మళ్ళీ 'పి'లోకి దించాడు."

"ఏమన్నాడు ఆయన?" అని అరిచింది గ్లెనిస్.

"సగం వినబడలేదు. బయటికొచ్చేసరికి హార్డ్‌వేర్ షాపు ముందు నిలిపిన కారుకి పలక తగిలించి ఉంది. ఎనభై దాటాక కుర్రాళ్ళ పలక! ఉన్న ఆ లైసెన్సైనా పీకేస్తారేమో, నన్ను అడిలైడ్‌లో పడేస్తారేమోనని నోరు మూసుకున్నా. 'పి' ఉంటే చుక్క ముట్టకూడదు కదా. అందుకే బీరు మానేశా."

"మరి కారులో ఆడవాళ్ళ ఈతబట్టలుంటే నీకేం అనిపించలేదా?" అంది డల్సీ.

"అనిపించింది. మతి పోతోందనిపించింది. ఎక్కడినుంచి తెచ్చానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గొర్రెతోలు పోయింది, ఉతకడానికి గ్లెనిస్ తీసిందేమో అనుకున్నా. అద్దం బిగిసింది, తలుపు అరుస్తోంది, సీటు పొడుస్తోంది. నా కారు ఇంత పాడైపోతే నాకు తెలియనే లేదంటే, మా గ్లెనిస్ చూసి ఇంకేమంటుంది? అందుకని ఇది చూడకముందే అన్నీ బాగుచేసేశా."

గ్లెనిస్ అక్కడికక్కడే లోపలికెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది. బయటికొచ్చినప్పుడు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఎద్దులా ఉన్నావట. హాయిగా నడుపుకోవచ్చట. ఆ చెవి యంత్రం ఒక్కటి పెట్టుకుంటే చాలట!"

క్లారీ వెంటనే గ్లెనిస్ చేతికి నూనె డబ్బా ఇచ్చి, బీరు తెమ్మన్నాడు.

తిరుగుదారిలో టామ్సిన్, బుధవారం తారుమారైన తన కారే నడిపింది. తలుపు నిశ్శబ్దంగా మూసుకుంది. అద్దం వెన్నలా దిగింది. స్ప్రింగు ఎక్కడుండేదో కూడా తెలియలేదు.

"నాన్న అసలేం చెయ్యలేదు నానమ్మా. పైగా చేశానన్నాడు."

"చేశానన్లేదే. అదెంతలే అన్నాడని నువ్వే చెప్పావుగా," అంది డల్సీ, ఒళ్ళోని ఈతబట్టలు మడతపెడుతూ. "అందరి ముందూ నువ్వలా వాటేసుకుంటే, నేను కాదమ్మా అని ఏ తండ్రి నోరు తెరుస్తాడు?"

డారిల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కారు ఆగగానే, ఎవరూ ఏమీ అనకముందే మొదలుపెట్టాడు.

"టామీ, ఆ కారు నేను బాగుచెయ్యలేదు. ముట్టుకోనే లేదు. ఎవరు చేశారో నాకు తెలియదు. చెబుదామనే అనుకున్నా, కానీ నువ్వు అంత సంతోషంగా..." ఆయన వెనక్కి తిరిగి పనిముట్ల పెట్టె ఎత్తి చూపించాడు. అది కొత్తది. "ఇప్పుడు చేస్తా. నిజంగా. ఏముందో చెప్పు."

టామ్సిన్ తండ్రి ముఖం చూసింది, పెట్టె చూసింది. "ఏం మిగల్లేదు నాన్నా. క్లారీ తాత అన్నీ చేసేశాడు."

"ఒక్కటైనా?"

"ఒక్కటి కూడా."

డారిల్ పెట్టె మూసి లోపలికి వెళ్ళాడు. ఆ పూట మాకరోనీ కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున టామ్సిన్ అందరికంటే ముందు లేచింది. బానెట్ ఎత్తి, హారనుకి వెళ్ళే తీగ చూసుకుని పుటుక్కున లాగేసింది. బానెట్ దించి చేతులు తుడుచుకుని, వంటింటి కిటికీ దగ్గరికొచ్చి కేకేసింది.

"నాన్నా! హారన్ మోగట్లేదు, కాస్త చూస్తావా?"

డారిల్ టోస్టు కూడా వదిలేసి పెట్టెతో పరుగెత్తుకొచ్చాడు. మధ్యాహ్నం దాకా పని చేశాడు. లేచేసరికి మోచేతుల దాకా మసి, ముఖం నిండా వెలుగు. టామ్సిన్ ఆయన్ని మళ్ళీ వాటేసుకుంది, ఈసారి మసితో సహా.

ఆ కారు అమ్మేసేదాకా, ఎడమవైపు తిరిగినప్పుడల్లా దానంతటదే హారన్ మోగేది.