ఫ్యాన్ తిరిగితేనే కంప్యూటర్

కంప్యూటర్ నేర్చుకోవడానికి అతి పెద్ద అడ్డంకి ఏమిటో మీకు తెలుసా? కంప్యూటరే! అది ఎదురుగా ఉంటే పిల్లల ధ్యాస పాఠం మీద నిలవదు. మీటలు నొక్కాలనిపిస్తుంది, బొమ్మలు చూడాలనిపిస్తుంది. దాన్ని పక్కకు తప్పించి చూడండి, చదువు ఎంత చక్కగా సాగుతుందో!

ఇది నేను ఊరికే చెబుతున్న మాట కాదు. ములకలపల్లిలో కళ్లారా చూసి చెబుతున్నాను. పాల్వంచ కంపెనీ కాలనీలో మా పక్క క్వార్టర్ అంతోనయ్యగారి అబ్బాయి క్రిస్టోఫర్ అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని, ఇంటర్ అయిపోయిన పిల్లల కోసం ‘కంప్యూటర్ పరిచయం, డిజిటల్ మీడియా’ అనే కోర్సు పెట్టాడు. రిబ్బన్ కత్తిరించడానికి నన్నే పిలిచాడు. కత్తిరించాను. లైటు స్విచ్ నొక్కితే వెలగలేదు. ఈ కోర్సుకు గొప్ప భవిష్యత్తు ఉందని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. దానికి ఎప్పుడో తప్ప తీయని పూల దుప్పటి కప్పి ఉంటుంది. వైరస్ జొరబడుతుందని అందరూ చెప్పులు బయటే విడవాలి. పిల్లలకేమో అట్టల మీద గీసిన కీబోర్డులిచ్చారు. వాటి మీద టపటపా కొట్టడమే ప్రాక్టికల్స్. అట్ట కీబోర్డుకు ఎన్ని సుగుణాలో చూడండి! హ్యాంగ్ అవదు. రిపేరుకు కొత్తగూడెం మోసుకెళ్లక్కర్లేదు. వానకు తడిస్తే ఎండలో ఆరేసుకోవచ్చు. తప్పు కొట్టినా ఎవరికీ కనబడదు కాబట్టి క్లాసులో అందరూ ఫస్టే!

డిజిటల్ మీడియా ఇంకా గొప్పగా సాగింది. క్రిస్టోఫర్ ఎవరి స్టూడియో నుంచో బతిమాలి తెచ్చిన కెమెరాకు చార్జింగ్ లేదు. అయితే పాఠం ఆగిందా? పిల్లలు వేళ్లతో చట్రం కట్టి, ఒక కన్ను మూసి, నోటితో ‘క్లిక్’ అన్నారు. ఆ ఫోటోకు వెలుతురు పెంచడం, అంచులు కత్తిరించడం కూడా నోటితోనే నేర్చేసుకున్నారు. తమ ముఖం బాగా పడలేదని అలిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

ఇదంతా కరెంటు చలవే. మా పాల్వంచలో కరెంటు తయారవుతుంది. మా కాలనీలో కరెంటు పోతే వార్త, ములకలపల్లిలో వస్తే వార్త. చిమ్నీల పొగ ఎటు గాలి వీస్తే అటు పోతుంది, దానికి కోతలు లేవు. తీగలు మాత్రం పెద్ద పెద్ద టవర్లెక్కి, అడవి మీదుగా ఎక్కడో ఉన్న పట్నాలకు పోతాయి. పాపం, అంత దూరం పోవలసిన తీగలకు నడుమ ఊళ్లల్లో దిగే తీరిక ఎక్కడిది?

అందుకే క్రిస్టోఫర్ ‘సేవ్’ అనే పాఠాన్ని ఆదివారం ప్రార్థనలో చెప్పినట్టే చెబుతాడు. ఆ ఘడియ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కనుక రక్షణను రేపటికి వాయిదా వెయ్యకూడదట. అతని బాధ అతనిది. మొదట కొన్న కంప్యూటర్ తక్కువ వోల్టేజీకి కాలి బూడిదైంది. ఇది రెండోది. దీన్ని కాపాడుకోవడానికి ఒక నియమం పెట్టాడు. మీట ముట్టే ముందు తలెత్తి ఫ్యాన్ చూడాలి. జోరుగా తిరుగుతుంటే కొట్టాలి. నీరసించిందా, వోల్టేజీ పడిపోతున్నట్టే, వెంటనే సేవ్ చేసి, మిషన్ ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. ఫ్యాన్ చూడకుండా కంప్యూటర్ ముట్టుకున్నవాళ్లకు ఆ వారమంతా అట్ట కూడా ఇవ్వడు!

ఈ నియమాన్ని అందరికన్నా నిష్ఠగా పాటించిన పిల్ల జంపక్క. అడవి అంచు గూడెం నుంచి రోజూ నడిచొచ్చేది. కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేది. దవాఖానాలో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం ఒకటి పడింది. అది వస్తే ఆ ఇంట్లో నెల జీతం తెచ్చే మొదటి మనిషి ఆమే. పరీక్ష ఖమ్మంలో. క్రిస్టోఫర్ తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

అదొక ఏసీ హాలు. బయట ఏప్రిల్ ఎండ మాడ్చేస్తుంటే లోపల హాయిగా ఉంది. అద్దం తలుపు అవతల నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. జంపక్క కూర్చుంది. తలెత్తింది. పైన ఫ్యాన్ లేదు! తెల్లటి సీలింగు తప్ప ఇంకేమీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. చుట్టూ అందరూ కొట్టేస్తున్నారు. ఆమె ఒక్కతే పైకి చూస్తోంది. కాసేపటికి లేచి అక్కడి సారును ఏదో అడిగింది. ఫ్యాన్ ఎక్కడుందని అడిగిందట. ఉక్కపోస్తోంది కాబోలనుకుని ఆ దయామయుడు ఏసీ ఇంకాస్త పెంచాడు. జంపక్క చున్నీ కప్పుకుని వణుకుతూ కూర్చుంది. చివరికి తెగించి మీట ముట్టుకునేసరికి సగం టైము అయిపోయింది.

బయటికొచ్చాక అడిగాను, అందరూ కొడుతుంటే నువ్వెందుకు కొట్టలేదని.

“కాలితే ఎట్ల సార్? పక్కోళ్లది కాలితే ఆళ్ల నాయన కడ్తడు. నాది కాలితే మా ఇంట్ల ఎవలు కడ్తరు?” అంది.

ఫలితాల్లో ఆమె పేరు లేదు. ఇందులో తప్పెవరిదో వేరే చెప్పాలా? ఆ హాలుదే! కాబట్టి ప్రభువులకు నా సలహా ఏమిటంటే, ఇకమీదట ప్రతి ఏసీ హాల్లోనూ మా అడవి పిల్లల కోసం ఒక ఫ్యాన్ బిగించాలి. గాలికి కాదు, ధైర్యానికి. కరెంటివ్వడం కన్నా ఫ్యాన్ బిగించడం చవక కదా!

ఇక్కడిదాకా రాశాక నాకు నవ్వు రావడం లేదు, కోపం వస్తోంది. ఆ పిల్లకు రానిదేమీ లేదు. నాలుగు రోజులు కరెంటు ఉన్న కంప్యూటర్ ముందు కూర్చోనిస్తే చాలు, గెలిచేది.

పోయిన వారం క్రిస్టోఫర్, నేను వాళ్ల గూడెం వెళ్లాం. జంపక్క వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టే తునికాకును కట్టలు కడుతోంది. కొత్త బ్యాచ్ మొదలవుతోంది, మళ్లీ రమ్మని క్రిస్టోఫర్ బతిమాలాడు. ఆమె కట్టడం ఆపలేదు.

“ఇప్పుడు ఆకు కోసుడుకు పోతున్న సార్. దీనికి కరెంటు అక్కర్లే.”