నూరు శాతం పెరిగిన హత్యలు

సాయంత్రం రైలుకి కొడుకు సంచి సర్దడం రాజరాజేశ్వరి తెల్లవారుజామునే మొదలుపెట్టింది. చేతులు ఊరుకుంటేగా! ఎవరి ప్రయాణమైనా ఆవిడకి భయమే. అన్నయ్య భిలాయి వెళ్ళిననాడూ సంచి సర్దింది తనే; ఆ అన్నయ్య మళ్ళీ కనబడలేదు. కొడుకు శ్యామ్ ఆఫీసు హైటెక్ సిటీలో. ఎక్కడో ఈశాన్యాన, అన్నీ పల్లెలే ఉన్న చిన్న కొండ రాష్ట్రంలో ఏటేటా జరిగే నేరాల పట్టికలను వీళ్ళు కంప్యూటర్లోకి ఎక్కించారు. దాన్ని అక్కడి పోలీసులకు అప్పగించి రావడానికి మేనేజరు శివశంకర్, శ్యామ్ మూడు వారాలు వెళ్తున్నారు.

శ్యామ్ ఆఫీసుకి వెళ్ళాక, వాడు తెచ్చిన చిత్తు కంప్యూటరు కాగితం ఒకటి సంచి అడుగున పరవడానికి కొలతకి కత్తిరించింది. చదవకుండా కాగితం పరిచే అలవాటు ఆవిడకు లేదు. తనంతట తాను నేర్చుకున్న ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ ‘మర్డర్’ దగ్గర ఆగిపోయింది. కింద వాటాలో ఉండే ఇంటావిడ సత్తెమ్మ కూతురు రేఖ డిగ్రీ చదువుతోంది. కాగితం పట్టుకుని రాజరాజేశ్వరి అక్కడికి పరిగెత్తింది.

"పోయినేటి కన్న హత్యలు నూరు శాతం పెరిగినయంట ఆంటీ" అంది రేఖ.

"నూరా! అంటే అందర్నీనా?"

"ఇగ మిగిలిందెవరు?" అంది సత్తెమ్మ. "గసొంటి జాగకు పోరన్ని తోలుతవా అక్కా? నేనైతే ఇంట్లేసి తాళమేస్త!"

రాజరాజేశ్వరి పైకొచ్చి భర్తకి చెప్పింది. పట్టాభిరామయ్య రిటైరైన హెడ్ కానిస్టేబులు. "శాతం సరే, అసలెన్నో చూడవే" అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. అసలు అంకెలున్న వరస కత్తెర పాలై, అప్పటికే చెత్తబండిలో వెళ్ళిపోయింది.

రాజరాజేశ్వరి ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి శివశంకర్‌కి ఫోను చేసింది. "మావాడికి కామెర్లండి. వాడు చెప్పడు. ప్రయాణం మాన్పించండి."

"అయ్యో, అందరం ఒక్క డ్రమ్ము నీళ్ళే తాగుతున్నం కదమ్మా!"

మధ్యాహ్నానికల్లా ఆఫీసులో నలభై మందినీ దవాఖానకు తోలి రక్తం తీయించారు. ప్రయాణం వాయిదా పడింది. మర్నాడు ఫలితాలొచ్చాయి. శ్యామ్‌తో సహా ముప్పై తొమ్మిది మందికి ఏమీ లేదు. కామెర్లు తేలింది ఒక్క శివశంకర్‌కే.

"మీరు చెప్పబట్టి బతికిన తల్లీ! నేనైతే లేవలేను. ఫికర్ చెయ్యకండి, శ్యామ్ ఒక్కడే పోతడు" అని కబురు పంపాడాయన.

శ్యామ్ మండిపడుతూ వచ్చాడు. కాగితం సంగతి తండ్రి చెప్పాడు. "అమ్మా! కిందటేడు ఒక్క హత్య, ఈ ఏడు రెండు. రాష్ట్రం మొత్తం మీద! ఎందుకా కంగారు?"

"ఆ రెండోవాడి అమ్మ కూడా, ఒకటేగా అనుకుని పంపి ఉంటుంది."

ఆవిడ చూపు భర్త మీదికి తిరిగింది.

"నేనెందుకే?"

"ముప్పై ఏళ్ళు దొంగల్ని పట్టారు!"

"ఒక్కణ్ణి పట్టానే. వాడూ తనే వచ్చి లొంగిపోయాడు."

"మనవాడి పక్కనుంటే చాలు. బయల్దేరండి."

నాలుగో రోజున ఇద్దరూ రైలెక్కారు. రైలు కదిలేదాకా రాజరాజేశ్వరి కిటికీలోంచి కొడుకు చెయ్యి వదల్లేదు. భర్తతో ఒక్క మాటే అంది: "వాడు జాగ్రత్త."

మూడు వారాలూ ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. శ్యామ్ బుగ్గలు వచ్చి మరీ తిరిగొచ్చాడు, ఒక్కడే.

"నాన్నేరీ?"

"బానే ఉన్నారమ్మా. అక్కడి పోలీసు స్టేషనుకి మనిషన్నవాడు రాడు. వరండాలో మంచం వేసిచ్చారు. భోంచేసి పడుకుంటున్నారు. ముప్పై ఏళ్ళ నిద్ర మిగిలిపోయిందిట."

"ఎప్పుడొస్తారుట?"

"నిద్ర తీరాక."

పట్టాభిరామయ్య 1999 ఆగస్టు పద్నాలుగున సికింద్రాబాదులో రైలెక్కాడు, తిరిగి రాలేదు; నిద్ర ఇంకా తీరినట్టు లేదు.