మిల్లీవోల్టుగారి అరగంట

పళ్ళు తోముకుంటూ ఉండగా మిల్లీవోల్టుకి తను చేసిన తప్పు తట్టింది. నోట్లో నురగతోనే అద్దంలోకి చూసి, "తీగ! తీగ ఇవతలే ఉండిపోయింది!" అన్నాడు. ఆ సంగతి భార్యకి చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పాడు కూడా. కానీ అప్పుడు మిక్సీ తిరుగుతోంది. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "ఏమన్నా అన్నారా?" అంది. "ఏం లేదులే," అని వచ్చేశాడు.

అమ్మానాన్నా పెట్టిన పేరు అతనికి వేరే ఉంది. ఆఫీసులో అది ఎవరికీ గుర్తు లేదు. వోల్టులో వెయ్యో వంతుని మిల్లీవోల్టంటారు. మామూలు మనిషి గొంతుతో పోలిస్తే అతని గొంతూ దాదాపు అంతే కనుక ఆ పేరు అతుక్కుపోయింది. సర్క్యూట్ గీయడంలో అతనికి తిరుగులేదు. బస్సులో మాత్రం "దిగాలండీ" అని మూడుసార్లు అని, ఎవరూ దారివ్వక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచిరావడం వారానికి రెండుసార్లయినా తప్పేది కాదు.

అతను పనిచేసేది వినికిడి పరీక్ష యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీలో. మూడు నెలలు తంటాలుపడి, మొదటిసారిగా ఒక యంత్రాన్ని తనే మొదలుపెట్టి తనే పూర్తిచేశాడు. అందులో ఆప్‌ఆంప్ అని ఒక చిప్పు ఉంది. అది మహా తెలివైనది, లెక్క తప్పదు. పాపం ఒంట్లో బలం లేదు. హెడ్‌ఫోన్ని మోయమంటే చతికిలపడుతుంది. అందుకని దాని పక్కన పవర్ బఫర్ అని ఇంకో చిప్పు పెడతారు. దీనికి కండబలం దండిగా ఉంది, శ్రద్ధే లేదు. పెద్ద శబ్దమైతే బాగానే మోసుకుపోతుంది, సన్నని శబ్దం దగ్గర మాత్రం నిర్లక్ష్యం చేసి గరగర కలిపేస్తుంది. ఆ నిర్లక్ష్యానికి మందు ఒక చిన్న తీగ. దాన్ని బఫర్‌కి అవతలి వైపునుంచి వెనక్కి తెచ్చి ఆప్‌ఆంప్‌కి తగిలిస్తే, చివరికి బయటికి ఏం వెళ్ళిందో ఆప్‌ఆంప్ తెలుసుకుని తేడాని సరిచేస్తూ ఉంటుంది.

మిల్లీవోల్టు బఫర్ని ఆఖరి వారంలో చేర్చాడు. తీగని మాత్రం పాత చోటే, బఫర్‌కి ఇవతలే వదిలేశాడు. కొలిచినప్పుడల్లా అలవాటు కొద్దీ ఇవతలే కొలిచాడు. ఇవతల అంతా చక్కగా ఉంది.

పదకొండింటికి చెవుల డాక్టరమ్మ యంత్రాన్ని చూడటానికి వస్తోంది. ఆవిడకి నచ్చితే కంపెనీ తయారీ మొదలుపెడుతుంది. నచ్చకపోతే యంత్రం అటకెక్కుతుంది, మిల్లీవోల్టు ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటాడు. ఈ మాట మేనేజరు నిన్ననే చెప్పాడు. కౌంటర్ అంటే పొద్దుటినుంచి సాయంత్రందాకా, అరిచే మనుషులకి వినబడేలా జవాబు చెప్పాలి. అయినా భయమెందుకు? తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్ళడం, అరగంట అడగడం, తీగ మార్చడం. అంతే కదా అనుకుని బయల్దేరాడు. ఆ రోజు బస్సులో సరైన స్టాపులోనే దిగాడు కూడా.

యంత్రం మీటింగు గదిలో అద్దాల బీరువాలో ఉంది. తాళం మేనేజరు జేబులో ఉంది. మిల్లీవోల్టు మేనేజరు గుమ్మం దగ్గర నిలబడి "సార్" అన్నాడు. మేనేజరు ఫోన్లో ఉన్నాడు. ఇంకోసారి "సార్" అన్నాడు. ఈసారి ఫ్యాను చప్పుడు ఎక్కువైంది. మూడోసారి ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాడు.

అతని పక్క బల్ల, ఆఫీసంతా మైకు అని పిలిచే మనిషిది. యంత్రాలు పరీక్షించే విభాగమంతా మైకు చేతికిందే ఉంది. అతను టీ తెమ్మని అంటే పై అంతస్తులో వాళ్ళు కూడా లేచి నిలబడతారు. మనసు వెన్న. మిల్లీవోల్టు గోడు విని, "ఓస్, ఇంతేనా గురూ? నేను చెప్తాగా!" అన్నాడు.

"అరగంట చాలు. ఒక్క తీగ మార్చాలి. అంతే చెప్పు," అన్నాడు మిల్లీవోల్టు.

మైకు బయల్దేరాడు గాని, నాలుగడుగులు వేసేసరికి అతనికి జాలి ముంచుకొచ్చింది. అరగంట కూడా ఒక కోరికేనా? అరగంట అడిగితే మేనేజరు పది నిమిషాలిస్తాడు. అడిగేదేదో గట్టిగా అడగాలి. మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి ఆ జాలి పూర్తిగా పొంగింది.

"సార్! మనవాడి సంగతి చూస్తే నాకు ఏడుపొస్తోంది. ఈ యంత్రం పెట్టుకుని మనిషి సగమైపోయాడు. నిన్నటినుంచి తిండీ లేదు, నిద్రా లేదు. చేతులు వణుకుతున్నాయి. ఇవాళ్టికి అతన్ని వదిలెయ్యండి సార్!"

మేనేజరు చెడ్డవాడు కాదు. ఫిర్యాదుల కౌంటర్ మాట అన్నందుకు రాత్రంతా లోపల లోపల నొచ్చుకుంటూనే ఉన్నాడు. "అయ్యయ్యో, నాతో ఒక్క మాటైనా అనలేదే!" అన్నాడు.

మైకు విజయగర్వంతో తిరిగొచ్చాడు.

"చెప్పావా?" అని అడిగాడు మిల్లీవోల్టు.

"చెప్పానా ఏమిటి, సార్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి! ఇవాళంతా నీదే పో!"

ఒక తీగ గురించి మేనేజరు కళ్ళల్లో నీళ్ళెందుకు తిరిగాయో మిల్లీవోల్టుకి అర్థం కాలేదు. కానీ చెప్పడమైతే అయింది కదా అని, టంకం వేసే కడ్డీ వేడిచేసుకుని బీరువా ముందు కుర్చీ వేసుకుని తాళం కోసం కూర్చున్నాడు. కాసేపటికి మేనేజరు అటుగా వచ్చాడు. చేతిలో పొగలు కక్కే పనిముట్టుతో, దిగాలుగా బీరువాకేసి చూస్తున్న మనిషిని చూసి ఆగిపోయాడు.

"సార్, తాళం…" అన్నాడు మిల్లీవోల్టు.

మేనేజరు అతని భుజం మీద చెయ్యేసి, చేతిలో పనిముట్టు మెల్లగా తీసి పక్కన పెట్టి, "నాకంతా తెలుసు. నువ్వేం మాట్లాడకు. ఊరికే కూర్చో," అన్నాడు. తర్వాత గదిలోకి వెళ్ళి మిల్లీవోల్టు ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, కంగారుపడకండి. మీ ఆయన నిన్నటినుంచి తినడం లేదట, నిద్రపోవడం లేదట. ఒకసారి వచ్చి తీసుకెళ్ళండి."

ఆవిడ ఆశ్చర్యపోయింది. రాత్రి రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. గురక పెట్టి నిద్రపోయాడు. మరి ఇదేమిటి? ఆలోచించినకొద్దీ ఆవిడకి ఒక్కొక్కటే అర్థమైంది. తనకి అనుమానం రాకూడదనే తిన్నాడన్నమాట. గురక కూడా తనకోసమే పెట్టాడన్నమాట. పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయి, "ఏం లేదులే" అని వెళ్ళిపోయింది గుర్తొచ్చేసరికి దుఃఖం ఆగలేదు. మిక్సీ ఎందుకు ఆపలేదా అని తనని తనే తిట్టుకుంది. వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

పదకొండు కావస్తుండగా ఆఫీసు ముందు టాక్సీ ఆగింది. అందులోంచి భార్య, ఆవిడ వెనకాల అత్తగారు దిగారు. అత్తగారి చంకలో ఒక దిండు, ఆ చేతిలో దుప్పటి, ఈ చేతిలో ఫ్లాస్కు ఉన్నాయి. వాళ్ళని చూసి మిల్లీవోల్టు లేచి నిలబడ్డాడు.

"లేవకండి అల్లుడుగారూ!" అని అత్తగారు అతన్ని కుర్చీలో కూలేసి, వీపు వెనక దిండు దోపింది.

"నాకేం కాలేదండీ," అన్నాడు అతను.

"చూడవే, గొంతు కూడా లేవడం లేదు," అంది ఆవిడ కూతురితో.

"మీ అల్లుడి గొంతు ఎప్పుడూ అంతేనమ్మా," అంది కూతురు, ముక్కు తుడుచుకుంటూ. అని, ఆ మాటకే మళ్ళీ ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. మేనేజరు ఎదురెళ్ళి, "యంత్రం తర్వాత చూద్దురుగాని మేడమ్, ముందు మా మనిషిని చూడండి," అని బతిమాలాడు.

"నేను చెవుల డాక్టర్నండీ," అంది ఆవిడ, దిండుకేసీ దుప్పటికేసీ చూస్తూ.

"చెవులే చూడు తల్లీ," అంది అత్తగారు. "ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలిగా."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది గాని, ఏడుస్తున్న భార్య మొహం చూసి ఆపుకుంది. సరే, యంత్రమూ చూసినట్టుంటుంది, మనిషినీ చూసినట్టుంటుంది అనుకుని బీరువా తీయించింది. మిల్లీవోల్టు చెయ్యి యంత్రం వైపు చాచేలోపలే అతని తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, "శబ్దం వినిపిస్తే వేలెత్తండి," అంది.

పెద్ద శబ్దాలకి వేలు టక్కున లేచింది. తగ్గించినకొద్దీ అతని మొహం ముడుచుకుపోసాగింది. "కూ" అని రావలసిన సన్నని శబ్దం వెనక గరగర. తను అనుకున్నట్టే ఉంది. వేలెత్తకుండా అడ్డంగా తలూపాడు.

"వినబడటం లేదా?" అని డాక్టరమ్మ సైగచేసింది.

అతను పెదవులు కదిలించాడు. మైకు ముందుకొచ్చి, "అస్సలు వినబడటం లేదట మేడమ్!" అని గది దద్దరిల్లేలా చెప్పాడు. భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తగారు తెచ్చిన దుప్పటిని అతని ఒంటి మీద కప్పింది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. మేనేజరు నెమ్మదిగా, "పోనీలెండి, కౌంటర్లో అయితే అరిచే మాట్లాడతారు కదా, అతనికి వినబడుతుంది," అన్నాడు.

చెవులు మూసుకుపోయి ఉన్నా, ఆ పెదవుల మీద "కౌంటర్" అన్న మాట మిల్లీవోల్టు స్పష్టంగా చదివాడు. మూడు నెలల కష్టం కళ్ళముందు తిరిగింది. ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని అనిపించింది. చెవుల్లో గరగర మోగుతుంటే ఎంతటివాడికైనా తన గొంతు తనకి వినబడదు. అలాంటప్పుడు అందరూ అరుస్తారు. అతనూ అరిచాడు. అరుస్తున్నానని తెలియకుండానే అరిచాడు.

"నా చెవులకేం కాలేదు! తప్పు యంత్రంలో ఉంది! నేనే చేశాను! తీగ బఫర్‌కి ఇవతల ఉంది, అవతల పెట్టాలి! పొద్దుటినుంచి అరగంట అడుగుతున్నాను! అరగంట! రాత్రి కడుపునిండా తిన్నాను!"

పై అంతస్తులో వాళ్ళు లేచి నిలబడ్డారు. మైకు రెండడుగులు వెనక్కి వేశాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో భార్య ఆ గొంతు వినలేదు. ఏడవడం మర్చిపోయి నోరు తెరిచి చూసింది. మేనేజరు మొహంలో నెత్తుటిచుక్క లేదు. కొనడానికి వచ్చిన మనిషి ఎదుట, చేసినవాడే తప్పుందని అరిస్తే ఇంకేముంది?

డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు తన చెవులకి పెట్టుకుని, శబ్దం తగ్గించి కళ్ళు మూసుకుని వింది. "గరగరే," అంది. "ఈ గరగరతో పరీక్ష చేస్తే ఎంతమందికి లేని చెవుడు రాసిచ్చేదాన్నో! ఈయన చెవులు మాత్రం నా చెవులకన్నా నయం. అరగంటే కదా, కూర్చుంటాను."

పన్నెండు నిమిషాల్లో పని అయిపోయింది. మిగతా పద్దెనిమిది నిమిషాలు అత్తగారు అందరికీ ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది. డాక్టరమ్మ మళ్ళీ విని, నిశ్శబ్దానికి పక్కనే ఉన్నంత సన్నగా వచ్చిన శబ్దం కూడా శుభ్రంగా ఉండటం చూసి, "ఇంతకీ ఏం మార్చారు?" అని అడిగింది.

హెడ్‌ఫోన్లు తీసేశాక అతని గొంతు ఎప్పటిచోటికి వెళ్ళిపోయింది. అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. "ఈ బలమున్న దానిచేత మాట పంపిస్తే చాలదండీ," అన్నాడు. "అవతల ఏం చేరిందో కూడా వినాలి. ఇన్నాళ్ళూ పంపింది మాత్రమే చూసుకుని బాగుందనుకున్నాను."

మేనేజరు మైకు వైపు చూశాడు. మైకు ఫ్యాను వైపు చూశాడు.

డాక్టరమ్మ పదిహేను యంత్రాలు కావాలంది. "తన తప్పు తనే అరిచి చెప్పేవాడు చేసిన యంత్రాన్ని నమ్మొచ్చు," అంది. ఆవిడ వెళ్ళాక భార్య అతని పక్కన కూర్చుని, "ఇకమీదట మీరు గుమ్మంలోకి వస్తే మిక్సీ ఆపేస్తాను," అంది. అతనికి ఉన్న గొంతే కొంచెం, ఇందాక అరిచిన అరుపుకి అదీ పోయింది. తలూపాడు.

మేనేజరు కూడా అతన్ని గదిలోకి పిలిచి, "ఇక నుంచి ఏం కావాలన్నా నన్నే అడుగు. మధ్యలో ఎవరూ వద్దు," అన్నాడు. మిల్లీవోల్టు అలాగేనన్నాడు. మేనేజరుకి వినబడలేదు.

మర్నాడు ఇంట్లో వాళ్ళని సినిమాకి తీసుకెళ్ళాలని, నాలుగింటికి వెళ్ళడానికి అనుమతి కావలసి వచ్చింది. మేనేజరు ఫోన్లో ఉన్నాడు, ఫ్యాను తిరుగుతోంది. మిల్లీవోల్టు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మైకుని అడిగాడు. మైకు సంతోషంగా గదిలోకి నడిచి, "సార్! మనవాడికి వారం రోజులు సెలవు కావాలి!" అన్నాడు.

అతని వెనకే, ఒక్క అడుగు దూరంలో నిలబడి ఉన్న మిల్లీవోల్టు చిన్నగా దగ్గాడు.

"నాలుగింటికి వెళ్తాడట సార్," అన్నాడు మైకు.