వరహాలరావు జీపు మిస్సింగు

తొంభై ఏడులో ఒక శుక్రవారం. పదకొండు కాకముందే సరళ టీచరును అరకులో దించాలి. వరహాలరావు ఆ పొద్దున పెట్టుకున్న పని అదొక్కటే. ఆవిడకు పదకొండింటికి మీటింగు, ఆలస్యమైతే మెమో. వెనకాలే బస్సు వస్తుందని ఆవిడ అంటున్నా, "బస్సులో నలిగిపోతారు మేడంగోరూ, నాను బేగి దించేత్తాను" అని బలవంతంగా ఎక్కించుకున్నాడు. ఇవాళ మెప్పిస్తే బడిలో టీచర్లంతా తన జీపే ఎక్కుతారని ఆశ. వెనక సీట్లో సుక్రు, సంతలో అమ్మబోయే కోడిపుంజుతో కూర్చున్నాడు.

టైడా ఊరు దాటి ఘాటీ రోడ్డు ఎక్కుతుండగా పాత పెట్రోలు జీపు దగ్గుతూ, కుంటుతూ ఒక మలుపులో చతికిలబడింది.

"ఏమైందండీ?" సరళ వాచీ చూసుకుంది.

"ఏటీ నేదు మేడంగోరూ, సిన్న మిస్సింగు. నాలుగు సిలిండర్లలో ఒకటి పని సెయ్యట్లేదు. అదేదో ఇప్పుడే సెప్పేత్తాను."

బండి మళ్ళీ స్టార్టు చేసి, చేతికి గుడ్డ చుట్టుకుని, ఇంజను ఆడుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ పీకి చూశాడు. ఏది పీకినప్పుడు చప్పుడు మారదో దొంగ అదే. మూడోది పీకితే ఇంజనుకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇంజను ఆపి ప్లగ్గు విప్పితే బొగ్గుముక్కలా ఉంది. గరుకు కాగితంతో రుద్దాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఊపులో మిగతా మూడూ విప్పి రుద్దాడు. "ఇంకెంతసేపండీ?" అని సరళ నాలుగోసారి అడిగేసరికి, కంగారులో చేతికందిన వైరు అందిన ప్లగ్గుకు తగిలించి తాళం తిప్పాడు.

ఢాం!

సైలెన్సరు చప్పుడు కొండకు కొట్టుకుని తిరిగొచ్చింది. కోడిపుంజు తాడు తెంచుకుని లోయవైపు ఎగిరింది. దాని వెనక సుక్రు. కింది మలుపులో రోడ్డు పని చేస్తున్న బుధు, పైన బండలు పేలుస్తున్నారనుకుని ఎర్రగుడ్డ ఊపి బస్సును ఆపేశాడు. వరహాలరావు మళ్ళీ తిప్పాడు. ఢాం! బస్సు వెనక లారీలు, లారీల వెనక జీపులు బారు తీరాయి. ఢాం అన్నప్పుడల్లా బుధు, "ఇంకోటి ఉన్నాదేటో, కదలకండి" అని జనాన్ని హెచ్చరించాడు.

అరగంట ఓర్చుకున్న బస్సు డ్రైవరు మోహన్‌కృష్ణ, తిట్లన్నీ సిద్ధం చేసుకుని నడిచి పైకొచ్చాడు. మసి మొహంతో నిలబడ్డ వరహాలరావును చూసి తిట్లు మరిచిపోయి బానెట్లోకి తొంగి చూశాడు.

"ఏటి సేసినావురా బాబూ! వైర్లన్నీ తారుమారు సేసీసినావు!"

"మిస్సింగున్నాదన్నా, అందుకని..."

"పాత రోగం ప్లగ్గుది. ఈ కొత్త రోగం వైద్యుడిది."

వైర్లు సరిచేసి అతను వెళ్ళిపోయాడు. తాళం తిప్పితే ఇంజను తుమ్మెదలా పాడింది. వరహాలరావు పరవశించి, కళ్ళు మూసుకుని విన్నాడు. తెరిచేసరికి బస్సు పక్కనే ఆగి ఉంది. సరళ ఫుట్‌బోర్డు మీదుంది. ఆవిడ వెనకే పుంజును చంకలో ఇరికించుకుని సుక్రు.

"మేడంగోరూ! బండి బాగైపోనాది!"

"సంతోషం బాబూ. మళ్ళీ బాగుచెయ్యకండి."

బస్సు కదిలింది. నాలుగు సిలిండర్లూ బుద్ధిగా పనిచేస్తుండగా, ఖాళీ జీపు దాని వెనకే అరకు ఎక్కింది.